వచ్చిన పని

కంచరపాలెం దగ్గర కాలిన వాసన.
క్లచ్ ప్లేటు, అన్నాడు మెకానిక్కు కారు కిందనుంచే,
మొహం చూపించకుండా.
రేపు తొమ్మిదికి రండమ్మా.

మేం ముగ్గురం.
బొబ్బిలి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు
రాత్రి డ్యూటీలు పంచుకున్నవాళ్లం.
రత్నావళి పాత మారుతిలో
యానాం పోతున్నాం,
సోలాంజి పుట్టిన వీధి చూడ్డానికి.
మా లెక్కలో విశాఖపట్నం
ఒక్క టీ మాత్రమే.

వన్ టౌన్‌లో లాడ్జి.
చెక్క మెట్లు, ఒక్కో మెట్టుదీ ఒక్కో మూలుగు.
(కీళ్లవాతం వార్డులా ఉందే, అంది రత్నావళి.)
బల్ల వెనక పదిహేడేళ్ల కుర్రాడు
పొడుగాటి రిజిస్టరు తెరిచి
గళ్లు నింపుతున్నాడు.
ఎక్కడినుంచి. ఎక్కడికి. వచ్చిన పని.

సోలాంజి దగ్గర పెన్ను ఆగింది.
"ఇదేం పేరండి?"
"ఫ్రెంచి పేరు నాయనా.
మా నాన్న యానాంలో దొరల కచేరీ బంట్రోతు.
వాళ్ల జెండా దిగిన నాలుగేళ్లకి పుట్టాను నేను.
ఆయనకి కబురు ఆలస్యంగా అందినట్టుంది."

కుర్రాడు నవ్వలేదు. ఆలోచించాడు.
"ఈ ఊరు కూడా ఫ్రెంచోలదేనంటండి, ఓ ఏడాది పైన.
మా సోషల్ మేస్టారు సెప్పినారు.
ఇజీనారం రాజుగారు ఎల్లగొట్టేసినారట."
ఆ విజయనగరం మీంచే
పొద్దున్న మేం వచ్చాం,
బైపాస్‌లో జామకాయలు కొనుక్కుని.

సాయంత్రం కురుపాం మార్కెట్ కమాను కింద
ముగ్గురికీ ఒకటే మురీ మిక్సరు పొట్లం.
పక్కపక్కనే మూడు కొండలు,
ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద గుడి.
సోలాంజి వాటిని చూళ్లేదు.
గోడల్ని తడుముతూ నడిచింది,
నాడి దొరకని రోగి చెయ్యి
మళ్లీ మళ్లీ పట్టుకున్నట్టు.
డచ్చివాళ్ల సమాధులంటారు, ఇంగ్లీషువాళ్ల కోటంటారు,
ఫ్రెంచివాళ్లదేదీ అని అడిగితే
నిమ్మసోడా ఆయన
బీచ్ రోడ్డులో కొత్త బేకరీ చూపించాడు.

ఏడాది పైన ఉండి
ఒక్క మెట్టయినా కట్టకుండా పోయారా?
పోనీ ఎవరికైనా జ్వరం రాలేదా,
ఏ జాలరి ఇంటి గంజో తాగలేదా,
ఏ పిల్లకో
పలకలేని పేరు పెట్టలేదా?

రాత్రి నిద్ర పట్టలేదు. అలవాటు లేదు మాకు.
రెండింటికి ముగ్గురం ఒకేసారి లేచి కూచున్నాం,
బెడ్ నంబర్ ఆరు పిలిచినట్టు.
డాల్ఫిన్స్ నోస్ మీంచి దీపం
గదిలోకి వచ్చి, మా మొహాలు లెక్కపెట్టి, పోయింది.
రేవులో ఓడ ఒకటి
గొంతు సవరించుకుంది.

కిటికీ గట్టు మీద
పోర్టు బొగ్గుధూళి, దళసరిగా.
సోలాంజి చూపుడువేలితో
దాని మీద తన పేరు రాసింది,
నాన్న నేర్పిన ఆ వంకర అక్షరాల్లో.
చివరి అక్షరం పలకరట.
పలకనిదాన్ని రాయడం దేనికే, అంది రత్నావళి.
సోలాంజి దాన్ని ఇంకోసారి దిద్దింది.

తెల్లారేసరికి
కొత్త ధూళి పడింది.
పేరు పోలేదు. ఉందనీ అనలేం.

తొమ్మిదీ ఇరవైకి తాళంచెవి ఇచ్చాం.
రిజిస్టరులో మా వరస ఎదుట
మూడో గడి ఖాళీగానే ఉంది.
"ఏటి రాయమంటారండి?"
క్లచ్ ప్లేటు అని రాయమంది రత్నావళి.
కుర్రాడు సోలాంజి వైపు చూశాడు.
ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది,
మెల్లగా, గోడ పట్టుకుని.

గాజువాకలో ట్రాఫిక్ ఆగినప్పుడు
జామకాయ కోసి నాకు అందించింది.
తెల్లటి ముక్క మీద
నల్లగా వేలిముద్ర.
తుడవబోయి
తినేశాను.